అమ్మ భుజం మీద నీలం పట్టీ

ఆ ఇంట్లో మూడు రోజులకోసారి టీ మరగడానికి ముందే కత్తెర చప్పుడు వినిపించేది. కూతురు వంటగది బల్ల దగ్గర నిలబడి, చుట్టలోంచి నీలం రంగు టేపు లాగి, జానెడు ముక్కలు రెండు కత్తిరించి, వాటి మూలలన్నీ గుండ్రంగా తీసేది. మూల కోసుగా ఉంటే బట్టకు తగిలి లేచిపోతుంది. తల్లి స్టూలు మీద కూర్చుని, కుడి భుజం మీది బట్ట పక్కకు జరిపి, సూది మందుకు భయపడే చిన్నపిల్లలా మొహం పెట్టేది.

"నూనె రాసుకోలేదు కదా?"

"లేదు."

"నిజం చెప్పు."

"కొంచెం. మెడకి రాసుకున్నా, భుజానికి కాదు."

"అమ్మా! జిడ్డు మీద ఇది పట్టదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

తల్లి ముందు గదివైపు తల తిప్పింది. "వింటున్నారా? మీ డాక్టరమ్మ ఊళ్లో వాళ్లతో తేనె ఒలకబోస్తుందట. ఇంట్లో మాత్రం కందిరీగ."

ముందు గదిలో మంచం మీద ఉన్న తండ్రి వింటూనే ఉన్నాడు. వినడమే కాదు, తలుపు తీసి ఉంటుంది కనక చూస్తూ కూడా ఉన్నాడు. టేపు ఒక చోట ముడత పడగానే "వద్దు" అన్నాడు.

"ఇంకో మేస్త్రి," అంది కూతురు, ముడత సరిచేస్తూ.

తండ్రి నలభై ఏళ్లు గోడలకు వాల్‌పేపర్ అంటించిన మనిషి. ఊరంతా ఆయన్ని మేస్త్రి అనే పిలిచేది. బుడగ లేకుండా, అతుకు కనపడకుండా అంటించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పధ్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి కుడివైపు జారింది. మాటల్లో రెండే మిగిలాయి: "వద్దు", "చాలు". ఆ రెండింటితోనే సంసారం నెట్టుకొస్తున్నాడు. చాలామంది మొగుళ్లు అంతకంటే ఎక్కువ మాట్లాడరని తల్లి నవ్వేది.

కూతురు నిజానికి డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు. వీధి చివర క్లినిక్‌లో రోజంతా ఆటగాళ్ల మోకాళ్లూ, వంటమనుషుల మణికట్లూ, లారీ డ్రైవర్ల నడుములూ చూస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పిల్ల రచ్చ గెలిచింది గానీ ఇంట్లో మాత్రం ఓడిపోయింది. తల్లి కుడి భుజంలో కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు సగం దాకా చిరిగిందని స్కానింగులో తేలి నాలుగు నెలలయింది. బరువు ఎత్తకుండా ఉంటే నెమ్మదిస్తుంది. ఎత్తితే పూర్తిగా తెగుతుంది. తెగితే ఆ చెయ్యి తల దువ్వుకోవడానికి కూడా లేవదు. ఇదంతా తల్లికి అర్థమైంది. అర్థం కావడం వేరు, వినడం వేరు.

ఎందుకంటే ఎత్తక తప్పని బరువు ముందు గదిలో మంచం మీద ఉంది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి, మళ్లీ మంచం మీదికి, రోజుకు ఆరుసార్లు. మొదటి నెలలో ఒక అటెండరు వచ్చేవాడు. అతను నడుము పట్టుకోగానే తండ్రి గోడవైపు తిరిగి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే తల్లి అటెండరును పంపించేసింది. "ఈయన ఒంటి మీద పరాయి చెయ్యి పడకూడదు. నేనున్నాను," అంది. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కూతురు పొద్దున, సాయంత్రం పట్టగలదు, మధ్యలో తల్లి ఒక్కతే. కూతురు చెప్పి చూసింది, అరిచి చూసింది, రెండు నెలలు కొట్లాడింది. చివరికి అలిసిపోయి, ఒక రోజు క్లినిక్ నుంచి నీలం టేపు చుట్ట తెచ్చింది.

ఆ సాగే టేపు చర్మాన్ని కాస్త పైకి పట్టి ఉంచుతుంది. భుజం వెనక ఎవరో చెయ్యి ఆనించినట్టు ఉంటుంది, కొందరికి నొప్పి తగ్గుతుంది. అంతకు మించి అది ఏమీ చెయ్యదు, చిరిగినదాన్ని అతికించదు. ఈ సంగతి కూతురికి అందరికంటే బాగా తెలుసు. తెలిసే అంటించింది. గొడవ ఆగింది, తల్లి మొహంలో నవ్వు కనిపించింది, అదే పదివేలు అనుకుంది.

"అబ్బ, హాయిగా ఉందే," అంది తల్లి ఆ రోజు కూడా, చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ.

"హాయిగా ఉందని ఎగరకు. నాలుగో రోజు తీసెయ్యాలి. బరువులు..."

"ఎత్తకూడదు. తెలుసు. వెళ్లు, నీ కోసం లారీ డ్రైవర్లు ఎదురుచూస్తుంటారు."

తండ్రి మాత్రం నవ్వలేదు. ఆ నీలం పట్టీనే చూస్తున్నాడు. తల్లి టీ చల్లార్చి తెచ్చి గ్లాసు నోటికి ఆనించింది. రెండు గుక్కలయ్యాయో లేదో "చాలు" అన్నాడు.

"ఇంకొంచెం."

"చాలు."

*

నెల తిరిగేసరికి తండ్రి చిక్కిపోయాడు. పగలంతా మగతగా పడుకునేవాడు, పెదాలు పగిలాయి. కూతురు అడిగితే తల్లి చేతులు తిప్పింది. "పూటకు రెండు గ్లాసులు నేనే పడుతున్నానే. సగం మూతి పక్క నుంచి కారిపోతుంది, ఏం చెయ్యను? కడుపులోకి పోయింది ఎంతో, చొక్కాకి పోయింది ఎంతో."

పక్షవాతం మనిషికి నోటి నుంచి కారడం వింతేమీ కాదు. కూతురు తల ఊపి క్లినిక్‌కి వెళ్లిపోయింది.

ఆ గురువారం పొద్దున పదింటికి ఫోన్ వచ్చింది. మాట్లాడింది కింది వాటా బాబాయ్. సొంత బాబాయ్ కాదు, ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. ఇప్పటికీ గట్టిగా తప్ప మాట్లాడలేడు. ఆ రోజు మాత్రం గొంతు చిన్నదైపోయింది.

"అమ్మాయ్, ఒకసారి ఇంటికి రా. అన్నయ్యా వదినా కింద పడ్డారు. పైన దబ్బుమని చప్పుడైతే పరిగెత్తాను."

మంచానికీ కుర్చీకీ మధ్య నేల మీద ఇద్దరూ ఉన్నారు. తండ్రి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. తల్లి ఆయన తల కింద ఎడమ చెయ్యి పెట్టి కూర్చుంది. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. ఆ భుజం మీద నీలం పట్టీ ఎక్కడా లేవకుండా, చక్కగా అంటుకుని ఉంది.

ఆసుపత్రిలో తండ్రికి సెలైన్ ఎక్కించారు. పరీక్షలు చూసిన డాక్టరు, వయసులో చిన్నది, మెత్తగా చెప్పింది. ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయాయి, చాలా రోజులుగా తగ్గుతూ వచ్చాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. "నీళ్లు సరిగా తాగించడం లేదా?" అని అడిగి, జవాబు కోసం ఇద్దరి మొహాలూ చూసింది.

డాక్టరు వెళ్లగానే కూతురు ఆగలేకపోయింది. వరండాలో బెంచీ మీద కూర్చున్న తల్లి ముందు నిలబడింది.

"పూటకు రెండు గ్లాసులన్నావు."

"పట్టాను."

"పడితే లోపలికి పోవాలి కదా? ఒంటిచేత్తో అన్నీ నేనే చేస్తానంటావు. ఇంకొకర్ని గడప తొక్కనివ్వవు. చూశావా ఏమైందో? ఆయన్ని నువ్వే ఎండబెట్టావు!"

ఆ మాట నోరు దాటాక వెనక్కి రాలేదు. అవతల బెంచీలో ఉన్న ముసలాయన కూడా తల దించుకున్నాడు. తల్లి కూతురి మొహంలోకి చూసింది. తర్వాత ఎడమ చేత్తో మెడ దగ్గర బట్ట లాగి, భుజం చూపించింది.

"ఇది ఎవరు అంటించారే?"

"అమ్మా..."

"నేను అడిగానా? నొప్పి ఉన్నప్పుడు భయంతో అయినా ఆగేదాన్ని. ఈ మనిషిని ఎలా లేపాలిరా దేవుడా అని ఒక్కోసారి కింది వాటాకి కబురు పెడదామా అనుకున్నాను కూడా. నువ్వు ఇది అంటించావు, నొప్పి పోయింది. నొప్పి పోతే బాగైపోయిందనుకోనా? నేను చదువుకున్నదాన్ని కాదు. నువ్వు చదువుకున్నావు. బరువు ఎత్తకు, ఎత్తకు అంటూనే ఎత్తడానికి నువ్వే సాయం చేశావు కదే."

తల్లి చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇన్ని నెలల్లో ఆమె తల్లి నొప్పిని తగ్గించింది గానీ, ఒక్కసారి కూడా తల్లిని ఆపలేదు.

*

తండ్రికి బట్టలు తేవడానికి కూతురు ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లింది. బీరువాలో ఆయన చొక్కాలు ఏడు, ఉతికి మడతపెట్టి ఉన్నాయి. తల్లి ఎంత ఉతికినా టీ మరక పూర్తిగా పోదు. ఒక చొక్కా విప్పి చూసింది. భుజం మీద లేత గోధుమరంగు మరక. రెండోది విప్పింది, అదే చోట. మూడోది, నాలుగోది, అన్నీ మంచం మీద పరిచింది.

మరకలన్నీ ఎడమ భుజం మీదే ఉన్నాయి. జేబు ఉన్న వైపు.

ఆమె ఆ చొక్కాల ముందు అలాగే నిలబడిపోయింది. తండ్రి మూతి జారింది కుడివైపు. తెలియకుండా కారితే కుడి భుజం తడవాలి. ఎడమవైపు పెదాలు బాగానే పనిచేస్తాయి, ఎడమవైపు కారాలంటే మనిషి తలను అటు తిప్పి, నోట్లో ఉన్నదాన్ని కావాలని వదిలేయాలి. రోజూ అవయవాలు చూసి బతికే మనిషికి ఇది ఇన్నాళ్లూ కనపడలేదు. పక్కింటివాళ్ల చొక్కాలయితే మొదటి రోజే పట్టేసేదేమో.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి తండ్రి కళ్లు తెరిచి ఉన్నాడు. తల్లి మంచం పక్కన ఉంది, కుడి చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. కూతురు ఒక చొక్కా విప్పి తండ్రి ముందు పట్టుకుంది.

"నాన్నా, నువ్వు నీళ్లు మింగకుండా వదిలేసేవాడివి కదూ?"

ఆయన చూపు తిప్పుకున్నాడు.

"ఎందుకు నాన్నా?"

ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచింది. వేళ్లు గాలిలో వెతికి, భార్య కుడి భుజం వైపు చూపించాయి. బట్ట అంచులోంచి వేలెడు నీలం కనిపిస్తోంది.

"చాలు," అన్నాడు. అని, ఆమె భుజాన్ని మళ్లీ చూపించి, "చాలు... చాలు..." అన్నాడు.

తల్లికి వెంటనే అర్థం కాలేదు. కూతురికి అర్థమైంది. తాగితే బాత్రూముకి వెళ్లాలి. వెళ్లాలంటే ఆవిడ ఎత్తాలి. తాగకపోతే రోజుకు రెండుసార్లు తగ్గుతుంది, మూడుసార్లు తగ్గుతుంది. కొత్త పట్టీ వేసిన పొద్దున ఆయన ఎందుకు రెండు గుక్కలకే "చాలు" అనేవాడో, ముందు గదిలోంచి ఆ చూపు ఏమిటో, అన్నీ ఒక్కసారిగా తెలిసివచ్చాయి.

చిన్నప్పుడు తండ్రితో పనికి వెళ్లినప్పుడు విన్న మాట గుర్తొచ్చింది. పగిలిన గోడ మీద కాగితం అంటించమని ఎవరైనా అడిగితే మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు. "కాగితం పగులును దాస్తుందమ్మా, ఆపదు. నేను అంటించి వెళ్లిపోతా, లోపల గోడ విడిపోతూనే ఉంటుంది," అనేవాడు. ఆ ఇంట్లో పట్టీని పట్టీగా చూసింది ఆయనొక్కడే. చెప్పడానికి మాటలు లేక, తనకు చేతనైనది చేశాడు.

కూతురు అదంతా ముక్కలు ముక్కలుగా తల్లికి చెప్పింది. తల్లి వింటూ వింటూ మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఏమండీ," అంది. "నా భుజం కోసం మీ గొంతు ఎండబెట్టుకున్నారా? ఎంత పని చేశారండీ. ఒక్క మాట..." అని, ఒక్క మాట ఆయన దగ్గర లేదని గుర్తొచ్చి, ఆయన గుండెల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఎడమ చేత్తో ఆవిడ తల నిమిరాడు. కూతురు కాళ్ల దగ్గర నిలబడి ఏడ్చింది.

"నేనన్న మాట మనసులో పెట్టుకోకమ్మా," అంది.

"నువ్వూ పెట్టుకోకు. నేను కూడా పుండు మీద కారం చల్లాను కదే." తల్లి ముక్కు తుడుచుకుంది. "ఇంటికి వెళ్లాక నేను ఎత్తను. ఒట్టు. ఈయన ఏడిస్తే ఏడవనీ."

ఆయన ఏడవలేదు. ఇంటికి తెచ్చిన మొదటి పొద్దున కింది వాటా బాబాయ్ చొక్కా చేతులు మడుచుకుని వచ్చాడు. కూతురు ఇద్దరు మనుషులు ఎలా ఎత్తాలో చూపించింది. బాబాయ్ అటు పట్టుకుని, "అన్నయ్యా, ముందుకు జరగాలి, ముందంతా ఖాళీయే, రైట్ రైట్!" అని కేకేశాడు. తండ్రి మూతి ఎడమవైపు పైకి లేచింది. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. అటెండరు కూడా మళ్లీ వచ్చాడు. తండ్రి ఈసారి గోడవైపు తిరగలేదు.

తల్లి భుజంలో తాడు పూర్తిగా తెగలేదు, అదృష్టం బాగుంది. కూతురు చిన్న చిన్న వ్యాయామాలు చేయించింది, మొండి నొప్పి ఉన్న రోజుల్లో పట్టీ కూడా వేసింది. కానీ ఇప్పుడు స్టూలు వంటగదిలో కాదు, తండ్రి మంచం పక్కనే. అంటించడం వరకే కూతురి పని. అంటించాక టేపును చేత్తో రుద్దాలి, ఆ వేడికి జిగురు పట్టుకుంటుంది. ఆ పని మేస్త్రికి అప్పజెప్పింది. ఆయన ఎడమ అరచేతిని భార్య భుజం మీద పెట్టి, మధ్య నుంచి అంచులకు, మధ్య నుంచి అంచులకు, బుడగ అనేది లేకుండా నిదానంగా తోసేవాడు.

"చాలండీ. అంటుకుంది," అనేది తల్లి.

"వద్దు," అనేవాడు ఆయన, ఇంకా రుద్దుతూ.

"ఏమిటి వద్దు? ఇది నా భుజం, మీ గోడ అనుకున్నారా?"

తర్వాత ఆయన గ్లాసెడు నీళ్లూ తాగేవాడు. ఒక్క చుక్క ఒలికేది కాదు.

కానీ దెబ్బతిన్న మూత్రపిండాలు కోలుకోలేదు. డాక్టరు ముందే చెప్పింది, వాళ్లు ముందే విన్నారు. వినడం వేరని ఇంతకు ముందే అనుకున్నాం కదా. ఐదు నెలలు గడిచాక ఒక మంగళవారం పొద్దున ఆయన ఎప్పటిలాగే భార్య భుజం మీద పట్టీ రుద్దాడు, కాస్త ఎక్కువసేపే రుద్దాడు. గురువారం మధ్యాహ్నం అటెండరు కిటికీ తెర వేస్తుండగా, నిద్రలోనే పోయాడు.

*

చుట్టాలు వచ్చారు, వెళ్లారు. నాలుగో రోజున తీసెయ్యాల్సిన పట్టీ పదకొండో రోజుకు కూడా తల్లి భుజం మీదే ఉంది. అంచులు లేచి దుమ్ము పట్టాయి, చుట్టూ చర్మం ఎర్రబడింది. కూతురు రెండుసార్లు నూనె గిన్నె పట్టుకుని వచ్చి, తల్లి మొహం చూసి వెనక్కి వెళ్లిపోయింది. నియమం ఆమెదే.

పన్నెండో రోజు పొద్దున తల్లే వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముందు గదిలో మంచం తీసేశారు, నేల మీద నాలుగు కోళ్ల గుర్తులు మిగిలాయి.

"తీసెయ్యవే."

"ఇంకో రోజు ఉంచుకుంటావా?"

"ఎన్ని రోజులని. తీస్తే మళ్లీ అంటుకుంటుందా?"

"అంటుకోదమ్మా. ఒకసారి తీస్తే అంతే."

"సరే. మెల్లిగా."

కూతురు వేలితో నూనె అద్ది, అంచు కింద నుంచి కొద్దికొద్దిగా, చర్మాన్ని అదిమిపట్టి, నూగు వాలు వెంట టేపును తీసింది. తండ్రి రుద్దిన పట్టీ మధ్యలో ఇంకా గట్టిగానే ఉంది. ఊడి వచ్చాక కింద చర్మం తెల్లగా, లేతగా బయటపడింది. తల్లి ఆ ముక్కను అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"కొత్తది వెయ్యనా?"

"ఎందుకే?"

"నొప్పి..."

తల్లి చెయ్యి నెమ్మదిగా ముందుకెత్తింది. భుజం దాకా ఎత్తింది. ఆగి, ఆశ్చర్యంగా చూసుకుని, తల మీదిదాకా ఎత్తింది. ఏడాది తర్వాత ఆ చెయ్యి అక్కడి దాకా వెళ్లింది. కూతురు నూనె గిన్నె పక్కన పెట్టింది. క్లినిక్‌లో అయితే చప్పట్లు కొట్టేది.

"నొప్పి లేదే," అంది తల్లి. చెయ్యి దించి, మళ్లీ ఎత్తింది. "అసలు లేదు. ఇటు తిప్పినా లేదు."

ఖాళీగా ఉన్న ముందు గదివైపు చూసింది.

"లేపడానికి ఎవరున్నారు కనక," అంది. అని, నొప్పి లేని ఆ భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, పసిపిల్లలా బావురుమంది. కూతురు స్టూలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తన అరచేతిని తల్లి భుజం మీద పెట్టి, మధ్య నుంచి అంచులకు, మధ్య నుంచి అంచులకు, రుద్దుతూ ఉండిపోయింది.